నాపరాళ్ల వసారాలో కూలర్: ఉక్కపోత నెలల కొలతల డైరీ

పని జరిగిన చోటు

ఈ డైరీలోని కొలతలన్నీ కడప ఊరి అంచున, కేసీ కాలువ ఆయకట్టు మళ్లకు దగ్గరగా ఉన్న ఇంటి వసారాలో తీసినవి. వసారా పొడవు 20 అడుగులు, వెడల్పు 12 అడుగులు. తూర్పున ఇంటి గోడ, దక్షిణాన ప్రహరీ ఉన్నాయి. పడమర, ఉత్తర దిక్కులు పూర్తిగా తెరపి. నేలకు నల్ల నాపరాళ్లు పరిచి ఉన్నాయి. పైకప్పు 9 అడుగుల ఎత్తున వేసిన జీఐ రేకు. సాయంత్రం 5 నుంచి రాత్రి 10 వరకు నలుగురు కూర్చునే చోటు ఇది. అవ్వ నులక మంచం మాత్రం పగలు కూడా ఇక్కడే ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో కడపలో కూలర్ పనిచేస్తుందని ఎవరూ కొత్తగా నిరూపించనక్కర్లేదు. నైరుతి వానలు మొదలై మళ్లలో నీళ్లు నిలిచాక, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాల వానల మధ్య వచ్చే ఎండ రోజుల్లో, అదే కూలర్ ముందు కూర్చుంటే ఒళ్లు ఎందుకు జిడ్డుగా అవుతుంది, దానికి చేయగలిగింది ఏమిటి అన్నదే ఇక్కడి ప్రశ్న. పైగా ఇది గది కాదు, నాలుగు గోడల లెక్కలు వసారాకు సరిపోవు.

దశ 1: కూలర్ కంటే ముందు థర్మామీటర్లు

నీళ్లు ఆవిరి కావడం వల్ల వచ్చే చల్లదనానికి ఒక అడుగు హద్దు ఉంది. ఆ హద్దును చెప్పేది తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు. మామూలు థర్మామీటరు చూపే అంకెను ఇక్కడ పొడి కొలత అని, తడి గుడ్డ చుట్టినది చూపే అంకెను తడి కొలత అని రాస్తున్నాను. రెంటి మధ్య తేడా ఎంత ఉంటే కూలర్‌కు అంత పని ఉంటుంది. నీళ్లను గాలిలోకే ఆవిరి చేసే మామూలు కూలర్ ఎంత ఖరీదైనదైనా గాలిని తడి కొలత కంటే కిందికి దించలేదు.

పరికరం తయారీ ఇలా జరిగింది:

1. ఒకే రకం ఆల్కహాలు థర్మామీటర్లు రెండు తీసుకొని, ఒకే గిన్నె నీళ్లలో ముంచి, రెండూ ఒకే అంకె చూపుతున్నాయని సరిచూశాను.
2. ఒకదాని బల్బుకు ఉతికిన పాత పంచె గుడ్డను ఒక పొరగా చుట్టి, దాని కొసను చిన్న సీసాలోని డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచాను. బోరు నీళ్లు వాడితే గుడ్డ గట్టిపడి అంకె తప్పుతుంది.
3. రెండింటినీ నీడలో వేలాడదీసి, చిన్న ఫ్యాన్‌తో వాటిమీదికి బలంగా గాలి వీచేట్టు పెట్టాను. గాలి కదలకపోతే తడి కొలత ఉండాల్సిన దానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.
4. అంకె ఇక దిగదు అన్నాకే రాసుకున్నాను.

గాలిలో తేమ శాతం చూపే చవక డిజిటల్ మీటరు కూడా ఒకటి కొన్నాను. దాన్ని నమ్మే ముందు ఉప్పు పరీక్ష పెట్టాలి. మూతలో వంట ఉప్పు పోసి, ముద్దయ్యేంత మాత్రమే నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచితే, లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. నా మీటరు 82 చూపింది. ఆ 7 తీసేసి చదవడం మొదలుపెట్టాక, అది చెప్పేదీ రెండు థర్మామీటర్లు చెప్పేదీ కలిశాయి.

వసారా బయట, నీడలో, నమూనాగా ఎంచిన కొలతలు:

- ఏప్రిల్ చివర, మధ్యాహ్నం 3 గంటలు: పొడి 41, తడి 24, తేడా 17.
- అదే కాలం, రాత్రి 9 గంటలు: పొడి 34, తడి 23.5, తేడా 10.5.
- జులై, సాయంత్రం 5 గంటలు: పొడి 35, తడి 26, తేడా 9.
- సెప్టెంబరు, వాన వెలిసిన సాయంత్రం 6 గంటలు: పొడి 31, తడి 27, తేడా 4.

చివరి వరుసను ఒకటికి రెండుసార్లు చదవాలి. ఏప్రిల్ కంటే సెప్టెంబరులో పొడి కొలత 10 డిగ్రీలు తక్కువ, అయినా తడి కొలత 3 డిగ్రీలు ఎక్కువ. ఉక్కపోత అని మనం తిట్టుకునేది ఆ 3 డిగ్రీలనే.

ఖర్చు: థర్మామీటర్లు, డిజిటల్ మీటరు, సామగ్రి కలిపి 650 రూపాయలు. ఉపరితల వేడిని దూరం నుంచి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ 1,400. ఇప్పటిదాకా మొత్తం 2,050. గాలి వేగం కొలిచే అనెమోమీటరును మిత్రుడి దగ్గర అరువు తెచ్చాను.

దశ 2: రేకు, నాపరాయి

ఏప్రిల్‌లో సాయంత్రం 4 గంటలకు, పడమటి ఎండ పడిన నాపరాయి 53 డిగ్రీలు ఉంది. రేకు అడుగుభాగాన్ని గన్‌తో కొలిస్తే 40 దగ్గర చూపింది, చేయి దగ్గరగా పెడితే మాత్రం నమ్మబుద్ధి కాలేదు. తళతళలాడే లోహం మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ సరైన అంకె ఇవ్వదు, చుట్టుపక్కల వస్తువుల ప్రతిబింబాన్నే చదువుతుంది. రేకుకు నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, అది రేకు వేడికి వచ్చేదాకా ఆగి, ఆ ముక్కను కొలిస్తే 57 వచ్చింది.

పైన 57, కింద 53 డిగ్రీల పలకల మధ్య కూర్చున్న మనిషికి కూలర్ 28 డిగ్రీల గాలి ఇచ్చినా, ఆ గాలి తగలని వైపు ఒళ్లంతా కాగుతూనే ఉంటుంది. గదిలో కూలర్ గాలి గోడలను కూడా నెమ్మదిగా చల్లారుస్తుంది. వసారాలో ఆ గాలి నిలవదు కాబట్టి, వేడిని రానివ్వకపోవడం తప్ప వేరే దారి లేదు. అందుకే కూలర్‌కు చేయి పెట్టకముందే ఈ పనులు జరిగాయి:

1. రేకు పైభాగానికి సున్నం పూత, రెండు చేతులు. జిగురుగా కొంచెం ఫెవికాల్ కలిపినందువల్ల మొదటి వానకు పూర్తిగా కొట్టుకుపోలేదు.
2. రేకుకు అడుగున, జానెడు సందు వదిలి, వెదురు తడిక సీలింగు. ఆ సందు రెండు కొసలా తెరిచే ఉంది. మూసేస్తే వేడి గాలి అక్కడే చిక్కుకుంటుంది.
3. పడమర వైపు 75 శాతం నీడనిచ్చే షేడ్ నెట్. దాన్ని వసారా అంచుకు అంటించకుండా, అడుగున్నర బయటికి తీగ లాగి కట్టించాను.

ఆ తర్వాత అదే వేళకు నాపరాయి 40, తడిక అడుగుభాగం 41. గాలి ఉష్ణోగ్రతలో చెప్పుకోదగ్గ మార్పు లేదు, తడి కొలతలో అసలే లేదు, అయినా అవ్వ మంచం పడమటి అంచు దాకా జరిగింది. తేమ నెలల్లోనూ పనిచేసే చల్లదనం ఇదే. ఎండను ఆపడానికి గాలిలో తేమ ఎంతుందో అక్కర్లేదు.

సాయంత్రం నాపరాళ్ల మీద నీళ్లు చల్లే అలవాటును కూడా కొలిచాను. ఏప్రిల్‌లో 46 డిగ్రీల బండ పావుగంటలో 36కు దిగింది. సెప్టెంబరులో బండ ఎటూ 34 దగ్గరే ఉంది. చల్లిన నీళ్లు చాలాసేపు ఆరక, తేమ మీటరు అంకె మాత్రం పెరిగింది. వానల కాలంలో ఈ అలవాటు మానేయడం మేలు.

ఖర్చు: సున్నం, కుంచె 600. తడిక, కూలి 5,300. నెట్, తీగ 2,100. మొత్తం 10,050.

దశ 3: కూలర్, గడ్డి ప్యాడ్లు

కూలర్ సెకండ్ హ్యాండ్‌ది. 70 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, 18 అంగుళాల ఫ్యాన్, మూడు వైపులా గడ్డి ప్యాడ్లు. పంపుకు విడి స్విచ్ ఉన్నదాన్నే వెతికి తీసుకున్నాను. ఆ స్విచ్ విలువ సెప్టెంబరులో తెలుస్తుంది.

గాలి ఎంత వస్తోందో ముందు తేల్చుకోవాలి. ఫ్యాన్ నోటి దగ్గర తొమ్మిది చోట్ల వేగం కొలిచి సగటు తీస్తే సెకనుకు 5 మీటర్లు వచ్చింది. నోటి వైశాల్యంతో హెచ్చిస్తే గంటకు సుమారు 2,950 ఘనపు మీటర్లు. డబ్బా మీద అచ్చువేసిన అంకె దీనికి ఒకటిన్నర రెట్లు ఉంది. ప్యాడ్లు, జాలీ లేకుండా ఫ్యాన్‌ను ఒంటరిగా తిప్పి కొలిచిన అంకె కావచ్చు. కొనేవారు ఆ అంకెలో మూడో వంతు తీసేసి లెక్క వేసుకోవచ్చు.

పొడి 41, తడి 24 (ఇకపై 41 / 24 అని రాస్తాను) ఉన్న మధ్యాహ్నం నోటి దగ్గర గాలి 30 డిగ్రీలు. అంటే 17 డిగ్రీల తేడాలో 11 మాత్రమే దక్కింది, 65 శాతం. మిగతాది ఎక్కడ పోతోందో చూడటానికి ప్యాడ్ల వెనక థర్మామీటరును అటూ ఇటూ జరిపాను. తడి గడ్డి వెనక 28 ఉన్న చోట, జానెడు పక్కన ఎండిన చార వెనక 38 ఉంది. పై అంచున గడ్డి కిందికి జారి, మూడు అంగుళాల ఖాళీ ఏర్పడి, వేడి గాలి నేరుగా దూరుతోంది. నీళ్లు పంచే తొట్టి రంధ్రాలు సగానికి పైగా సున్నంతో మూసుకుపోయాయి.

సరిచేసిన క్రమం:

1. తొట్టి రంధ్రాలను సైకిల్ స్పోకుతో ఒక్కొక్కటిగా తెరిచాను.
2. కూలర్‌ను నీటి మట్టపు గొట్టంతో సమంగా నిలిపాను. వాలు ఉంటే ఒక వైపు ప్యాడ్ ఎప్పుడూ ఎండే ఉంటుంది.
3. పాత గడ్డి తీసేసి కొత్తది నింపి, మధ్యలో రెండు చోట్ల నైలాను దారంతో జాలీకి కట్టాను. గడ్డి జారడం ఆగింది.
4. తలుపుల అంచుల్లో సందులకు ఫోమ్ పట్టీ అంటించాను.

ఫలితం 28.5 డిగ్రీలు, అంటే 73 శాతానికి పైగా.

గడ్డి అమ్మిన అతను "అన్నా, ఎంత మందంగా కుక్కితే అంత చల్లగా వస్తుంది" అన్నాడు. అదీ చూశాను. రెట్టింపు గడ్డి కుక్కితే నోటి దగ్గర ఇంకో 0.4 డిగ్రీ దిగింది కాని, గాలి వేగం 5 నుంచి 3.6 మీటర్లకు పడిపోయింది. రెండు మీటర్ల దూరంలో కుర్చీకి చేరేసరికి పాత పద్ధతే నయం. అదనపు గడ్డి తీసేశాను.

తర్వాత 90 మిల్లీమీటర్ల మందం, తేనెతుట్టె గూళ్లలాంటి గడులు ఉండే హనీకాంబ్ ప్యాడ్లు వేయించాను. వేగం తగ్గలేదు, గాలి 27.3కు దిగింది, సామర్థ్యం 80 శాతం చేరింది. ఏప్రిల్‌లో ఇది గడ్డి మీద 1.2 డిగ్రీల లాభం. తేడా 4 ఉన్న సెప్టెంబరులో ఇదే లాభం 0.3 డిగ్రీ. ఉక్కపోతకు మందుగా హనీకాంబ్ కొనాలనుకునేవారు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. గడ్డిలాగా ఏటా మార్చనక్కర్లేదన్నది దాని అసలు లాభం.

కరెంటు విషయంలో రాజీ లేదు. తెరపి చోట, తడి నేల మీద, ఒట్టి కాళ్లతో తిరిగే మనుషుల మధ్య ఉండే యంత్రం ఇది. ఎర్తింగ్ తీగ కొత్తగా లాగించి, ఈ లైనుకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) పెట్టించాకే ప్లగ్గు పెట్టాను.

ఖర్చు: కూలర్ 4,500. రెండడుగుల ఇనుప స్టాండు 900. ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ 2,250. గడ్డి 350. హనీకాంబ్ 2,400. మొత్తం 20,450.

దశ 4: గాలి ఎటు పోతోంది

లెక్క ప్రకారం ఏప్రిల్ మధ్యాహ్నం ఈ కూలర్ గాలి నుంచి లాగేస్తున్న వేడి సుమారు 12 కిలోవాట్లు, అంటే మూడు టన్నుల ఏసీని మించిన పని. అమ్మేవారు ఈ మాట చెప్పి మురిపించవచ్చు. ఆ చల్లదనంలో అధిక భాగం ప్రహరీ దాటి వేపచెట్టు కిందికి పోతుందని మాత్రం చెప్పరు.

బయటి గాలి 41 ఉన్నప్పుడు, కూలర్ గాలి ధార మధ్యలో దూరాన్ని బట్టి కొలతలు ఇవి: 1 మీటరు దగ్గర 27.9, 2 మీటర్ల దగ్గర 30, 3 మీటర్ల దగ్గర 33, 4 మీటర్ల దగ్గర 35.5. ధారకు రెండడుగులు పక్కకు జరిగితే 38 పైనే. వసారాను చల్లబరచడం అనే ఆలోచనను ఇక్కడే వదిలేయాలి. చల్లబరచగలిగింది రెండు కుర్చీలను, ఒక మంచాన్ని. స్టాండు ఎత్తు పెంచి ధార కూర్చున్నవారి ఛాతీకి తగిలేట్టు చేసి, ఎడమ కుడి ఊగే రెక్కలను కదలకుండా బిగించి, కుర్చీలను రెండు మీటర్ల గీత మీదికి జరిపాను.

కూలర్ గాలి పీల్చుకునే వైపు ఉత్తరాన, వసారా బయట, నీడలో ఉండాలి. పడమర పెట్టినప్పుడు ప్యాడ్ల మీద ఎండ పడి టబ్బు నీళ్లు కాగి, నోటి గాలి ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. వసారా లోపలి వైపు పెట్టినప్పుడు తాను వదిలిన తేమనే తిరిగి పీల్చుకుంది.

చల్ల గాలి పారిపోకుండా పడమర, ఉత్తరాలను టార్పాలిన్ పట్టాలతో మూసి చూసిన పరీక్ష విఫలమైంది. అది విఫలమైన తీరు తెలుసుకోదగ్గది. జులైలో బయట 35 / 26 ఉన్న సాయంత్రం, పట్టాలు దించిన అరగంటకు లోపల పొడి కొలత 31కి వచ్చింది. థర్మామీటరు ఒక్కటే చూసేవారికి ఇది విజయం. కాని కూర్చున్నవారు ఒక్కొక్కరుగా లేచి బయటికి పోయారు. తడి కొలత 26 నుంచి 28.5కు ఎక్కింది. నేల, రేకు, మనుషుల వేడి, తేమ అన్నీ లోపలే చిక్కుకొని, కూలర్ అదే గాలిని మళ్లీ మళ్లీ తిప్పింది. పట్టాలు ఎత్తేసిన కాసేపటికే తడి కొలత 26కు దిగింది. తెరపి చోటుకు ఉన్న ఒకే ఒక మేలు తేమ నిలవకపోవడం, పట్టాలు కట్టి దాన్ని పోగొట్టుకోకూడదు.

ఖర్చు: పట్టాలు 1,800. మొత్తం 22,250. పట్టాలు ఇప్పుడు వడ్లు ఆరబోయడానికి వాడుతున్నాం.

దశ 5: నీళ్లు

టబ్బు లోపలి గోడ మీద ప్రతి 5 లీటర్లకు పెయింటుతో గీత పెట్టాను. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి గాలి నుంచి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది కాబట్టి, కూలర్ నిజంగా ఎంత పని చేస్తోందో ఈ గీతలే చెబుతాయి. ఏప్రిల్ మధ్యాహ్నం గంటకు 18 లీటర్లు తగ్గాయి. సెప్టెంబరు సాయంత్రం నాలుగు లీటర్ల చిల్లర. థర్మామీటర్లు లేనివారు ఈ ఒక్క పరీక్ష చేసినా చాలు. నీళ్లు తగ్గడం లేదంటే చల్లదనం పుట్టడం లేదు.

మా బోరు నీళ్ల టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 1,100. నీళ్లు తగ్గగానే టబ్బును తనంతట నింపే ఫ్లోట్ వాల్వు పెట్టి నాలుగు గంటలు నడిపితే, ఆవిరైనది నీరే కాని ఉప్పు కాదు కాబట్టి, టబ్బులో 2,200 దాకా చేరింది. మర్నాడు మార్చకుండా నడిపితే 3,000 దాటుతుంది, ప్యాడ్ల అంచున తెల్లటి పెచ్చు కడుతుంది. పాటిస్తున్న క్రమం:

1. ప్రతి రాత్రి ఆపేముందు పంపును ఆపి, ఫ్యాన్‌ను పావుగంట తిప్పి ప్యాడ్లు ఆరబెట్టడం.
2. టబ్బు నీళ్లను కొబ్బరి చెట్టు పాదుకు వదలడం. ఈ ఉప్పు నీళ్లు కరివేపాకు మొక్కకు పడలేదు.
3. నెలకొకసారి, లీటరుకు 20 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లను పంపుతో గంటసేపు తిప్పి, పారబోసి, మంచినీళ్లతో కడగడం. ఆ గంట ఫ్యాన్ ఆపే ఉంచాలి.
4. శుక్రవారం డ్రై డే నాడు టబ్బును పూర్తిగా ఖాళీ చేసి, లోపలి గోడలను పీచుతో రుద్దడం.

నాలుగో అంశంలో రుద్దడమే ముఖ్యం. డెంగీని మోసే ఏడిస్ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకొని ఉంటాయి. నీళ్లు పారబోసినా అవి నెలల తరబడి ఎండిపోయినా బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. వానల కాలంలో వాడని కూలరే, అడుగున రెండు లీటర్లు మిగిలిపోవడం వల్ల, వాడే కూలర్ కంటే ప్రమాదం.

ఖర్చు: ఫ్లోట్ వాల్వు, గొట్టం 400. మొత్తం 22,650.

దశ 6: సెప్టెంబరు

వాన వెలిసిన సాయంత్రం బయట 31 / 27. కూలర్ నోటి దగ్గర పొడి కొలత 27.8. మూడు డిగ్రీలకు పైగా తగ్గింది కదా, మరి ఎందుకు హాయిగా లేదు? రెండో థర్మామీటరును కూడా నోటి దగ్గర పెడితే జవాబు దొరికింది. తడి కొలత అక్కడా 27, కదల్లేదు.

గాలి ప్యాడ్ల గుండా పోయేటప్పుడు తన వేడిని ఇచ్చి తేమను తీసుకుంటుంది. అందువల్ల పొడి కొలత దిగుతుంది, తడి కొలత దాదాపు అక్కడే ఉంటుంది. చెమటతో పూర్తిగా తడిసిన చర్మం కూడా ఒక తడి బల్బే. దానికి 31 డిగ్రీల బయటి గాలి వీచినా, 28 డిగ్రీల కూలర్ తేమ గాలి వీచినా, పోయే వేడి ఇంచుమించు ఒకటే. మొదటి గాలి చెమటను ఎక్కువగా ఆరబెడుతుంది, రెండోది ఒంటిని నేరుగా ఎక్కువ చల్లారుస్తుంది, లెక్క సరిపోతుంది. మిగిలేది జిడ్డు. ఏప్రిల్‌లో కూలర్ ఎందుకు అంత మేలు చేస్తుందో కూడా ఇదే చెబుతుంది: అప్పుడు అది మన ఒంటి చెమట చేయాల్సిన పనిని బోరు నీళ్లతో చేయించి, ఒంట్లో నీరు మిగులుస్తుంది. వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లే పాత పద్ధతికీ ఇదే హద్దు. వాసన మాత్రం సెప్టెంబరులోనూ బాగుంటుంది.

ఈ హద్దును దాటించాలని చేసిన మూడు పరీక్షలు ఇవి.

మొదటిది మంచు. టబ్బులో 10 కిలోల మంచుగడ్డ వేశాను. అది కరగడానికి తీసుకునే వేడి సుమారు 3,340 కిలోజౌళ్లు, అంటే ఒక లీటరున్నర నీరు ఆవిరైనంత కూడా కాదు. ఈ కూలర్ తోసే గాలిని ఒక డిగ్రీ చొప్పున ఒక గంట చల్లబరచడానికి సరిపోతుంది. కొలిచినప్పుడు మొదటి పావుగంటలో రెండు డిగ్రీలు దిగి, అక్కడినుంచి పెరుగుతూ పోయి, గంట తిరక్కుండానే మామూలైంది. మంచుతో వచ్చే చల్లదనం తడి కొలతను కూడా దించుతుంది కాబట్టి అది నిజమైనదే, కాని రోజూ మోసుకొచ్చే సరుకు కాదు.

రెండోది పాత కారు రేడియేటరు. టబ్బులోని చల్లటి నీళ్లను రేడియేటరులో తిప్పి, దాని వెనక వేరే ఫ్యాన్ పెడితే, తేమ కలవని చల్ల గాలి వస్తుంది. ఏప్రిల్‌లో ఇది చెప్పుకోదగ్గ పనే చేసింది, 41 గాలిని 33కు తెచ్చింది. సెప్టెంబరులో టబ్బు నీళ్లే 27 పైన ఉంటే, 31 గాలి 29.5 దగ్గర ఆగిపోయింది. రెండు ఫ్యాన్లు, రెండు పంపుల కరెంటుకు డిగ్రీన్నర. విప్పేశాను.

మూడోది పొగమంచులా చిమ్మే మిస్ట్ నాజిల్లు. బోరు నీళ్ల సున్నానికి నాజిల్లు వారం తిరక్కుండా మూసుకుపోయాయి. మంచినీళ్లతో నడిపితే, ఆ తేమలో తుంపర ఆరక దుప్పటి మీద, కళ్లద్దాల మీద పడింది. దీని గురించి ఇంతకంటే రాయాల్సింది లేదు.

ఖర్చు: మంచు 120. రేడియేటరు, అమరిక 1,600. నాజిల్లు 1,150. మొత్తం 25,520. ఇందులో పట్టాలతో కలిపి ఫలించని పరీక్షలకు పోయినది 4,670.

దశ 7: పంపు ఆపడం, ఫ్యాన్లు పెట్టడం

తేమ నెలల్లో మిగిలింది గాలి వేగం ఒక్కటే. పంపు ఆపి కూలర్ ఫ్యాన్‌నే తిప్పుదామంటే ప్యాడ్లు అడ్డం. హనీకాంబ్ తలుపులు మూడూ తీసేస్తే నోటి దగ్గర వేగం 5 నుంచి 6.2 మీటర్లకు పెరిగింది, కాని ఆ చప్పుడుకు మాట వినిపించదు. చివరికి దక్షిణపు ప్రహరీకి రెండు వాల్ ఫ్యాన్లు బిగించాను. కుర్చీల దగ్గర సెకనుకు 2 మీటర్ల గాలి తగులుతోంది. సీలింగ్ ఫ్యాన్ వద్దనడానికి కారణం, రేకు కింది వేడి పొరను అది నేరుగా నెత్తిన దించడం. తడిక వేసిన తర్వాత ఆ దోషం తగ్గింది కాని, అప్పటికే వాల్ ఫ్యాన్లు వచ్చేశాయి.

కూలర్, పంపు కలిపి వాట్ మీటరులో 190 వాట్లు. రెండు వాల్ ఫ్యాన్లు కలిపి 105. సెప్టెంబరులో రెండింటినీ పూటకొకటి చొప్పున నడిపి, కూర్చునేవారికి ఏదని చెప్పకుండా అడిగితే, ఫ్యాన్ల వైపే ఎక్కువ మంది మొగ్గారు. అవ్వ మాత్రం కూలర్ చప్పుడు లేకపోతే నిద్ర పట్టదంది.

స్తంభానికి వేలాడే రెండు థర్మామీటర్ల పక్కన సుద్దతో రాసిన నియమం ఇది:

1. తేడా 10 లేదా అంతకంటే ఎక్కువ: కూలర్, పంపు రెండూ.
2. తేడా 6 నుంచి 10: పొడి కొలత 34 దాటితేనే పంపు. రెండు దిక్కులూ పూర్తిగా తెరిచి ఉండాలి.
3. తేడా 6 లోపు: పంపు బంద్, టబ్బు ఖాళీ, వాల్ ఫ్యాన్లు.

రాత్రి 9 తర్వాత తేడా త్వరగా తగ్గుతుంది కాబట్టి, సాయంత్రం ఒకటో వరుసలో మొదలైన రోజు కూడా పడుకునేసరికి రెండో వరుసకు రావచ్చు. జులైలో ఇది తరచుగా జరిగింది. తేమ శాతాన్ని బట్టి పంపును తనంతట ఆపే స్విచ్ దొరుకుతుంది కాని, ఉప్పు పరీక్షలో 7 శాతం తప్పిన మీటరును చూశాక, అలాంటి సెన్సారుకు పంపును అప్పగించే ముందు దానికీ అదే పరీక్ష పెట్టాలని పక్కన ఉంచాను.

ఖర్చు: వాల్ ఫ్యాన్లు 4,200. మొత్తం 29,720.

మిగిలిన పని

షేడ్ నెట్ రెండో వేసవికి కొసల్లో చీలుతోంది. దాని స్థానంలో పడమర తీగకు చిక్కుడు పాదు ఎక్కించాలన్నది ఆలోచన. ఆకుల నుంచి వచ్చే తేమ కూలర్ పీల్చే ఉత్తరపు వైపుకు చేరుతుందా లేదా అన్నది చూడాలి. అందుకోసం మూడో థర్మామీటరును, తడి గుడ్డతో, నెట్‌కు మూరెడు లోపల ఇప్పటినుంచే వేలాడదీశాను. పాదు అల్లుకోకముందు అంకెలు ఉంటేనే అల్లుకున్నాక పోల్చుకోవడానికి వీలవుతుంది.